నూలు కొలత

తమిళనాడులో తిరువళ్ళూరు పక్కనున్న మణవాళనగర్‌లో రైల్వే గేటు దాటాక రెండో వీధిలో ఆనందరాజ్ అంగడి ఉంది. అక్కడ శవపేటికలు చేస్తారు. చుట్టుపక్కల వాళ్ళు ఆ మాట నోటితో అనరు. పెట్టెలంగడి అంటారు, అదీ గొంతు తగ్గించి. ముప్పై ఏళ్ళుగా దానికి బోర్డు లేదు, ఫోను నంబరు లేదు, వాటి అవసరమూ రాలేదు. చావు జరిగిన ఇంటి నుంచి ఎవరో ఒకరు నూలు చుట్టి జేబులో పెట్టుకుని వచ్చేవారు. పోయిన మనిషిని నడినెత్తి నుంచి కాలివేళ్ళ దాకా కొలిచి తెంపిన నూలు. ఆనందరాజ్ దాన్ని బల్ల మీద పరిచి, దానికి నాలుగు వేళ్ళ వెడల్పు అదనంగా కలిపి గీత గీసేవాడు. పెట్టె అయ్యాక ఆ నూలును అడుగున పరిచి పంపేసేవాడు. ఒకరి కొలత ఇంకొకరికి పనికి రాకూడదని ఆయన పట్టింపు.

నూలు తెచ్చినవాళ్ళు అంగడిలో కాసేపు కూర్చునేవారు. ఆనందరాజ్ భార్య శోభన టీ ఇచ్చేది. ఇంటి దగ్గర పది మందినీ ఓదార్చి, పందిరివాడితో బేరమాడి, కళ్ళు తడవకుండా తిరిగిన పెద్దకొడుకులు కూడా ఆ చెక్కపొట్టులో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని పోయేవారు. ఆనందరాజ్ వాళ్ళకేసి చూసేవాడు కాదు. చిత్రిక పట్టుకుంటూ ఉండేవాడు.

ఇప్పుడు ఎవరు వస్తున్నారు? ఆసుపత్రి గుమ్మంలోనే అంబులెన్సు వాళ్ళు రెడీమేడ్ పెట్టె మాట్లాడేస్తున్నారు. నెలకు పది చేసిన చేతికి రెండు కూడా రావడం లేదు. ఆనందరాజ్ ఎవరికీ చెప్పకుండా తిరుత్తణి రోడ్డులోని ఒక కంపెనీలో వాచ్‌మన్ పని అడిగి వచ్చాడు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. యూనిఫాం కుట్టించుకోమని ఇచ్చిన నీలం గుడ్డ పొట్లం అల్మారాలో కనబడేసరికి కూతురు ఏంజెలిన్‌కు సంగతి తెలిసింది. రంపం పట్టిన ఆ చెయ్యి గేటు దగ్గర కార్లకు సలాం కొట్టడం ఆమె ఊహించలేకపోయింది.

ఏంజెలిన్ చెన్నైలో రెండేళ్ళు కస్టమర్ కేర్‌లో పనిచేసిన పిల్ల. రోజూ తిరువళ్ళూరులో రైలెక్కి పోయి, నాలుగు నిమిషాల లోపల ఎంత కోపిష్టివాణ్ణయినా చల్లార్చి ఫోను పెట్టించడం నేర్చుకుంది. ఆ ఆఫీసు మూసేశారు. ఒకటో తారీఖుకు ఇంకా మూడు వారాలుంది, ఈలోపల అంగడిని నాలుగు ఊళ్ళకు వినబడేటట్టు చేస్తానని తండ్రితో పందెం వేసింది.

పాత ఫోను ఒకటి, కొత్త సిమ్ము ఒకటి కొంది. వాట్సాప్‌లో అంగడి పేరు పెట్టింది. మ్యాపులో చోటు గుర్తు పెట్టింది. శవపేటికలు అని రాయడానికి మొదట సిగ్గుపడి చెక్క సామాన్లు అని రాస్తే, మంచం ధరెంతని ఇద్దరు, కూతురి పెళ్ళికి బీరువా చేస్తారా అని ఒకరు ఫోను చేశారు. మూడో రోజు సిగ్గు గట్టున పెట్టి ఉన్నమాట రాసింది. చర్చిల్లో, నర్సుల దగ్గర కార్డులు పంచింది.

తర్వాత, మెసేజీ పెట్టినవాళ్ళకు దానంతటదే వెళ్ళే జవాబు రాయాలి. పాత ఉద్యోగంలో నోటికొచ్చిన మాటలే వేళ్ళకు వచ్చాయి. మమ్మల్ని పిలిచినందుకు సంతోషం, మళ్ళీ మళ్ళీ మీ సేవ చేసే అవకాశం ఇవ్వండి అని తమిళంలో రాసి, ఇంట్లో అందరికీ చదివి వినిపించింది. శోభన చేతిలో చేట అట్లనే ఆగిపోయింది.

"చావింటికాడ పోయొస్తామని గూడా చెప్పము. నువ్వు మళ్ళీ మళ్ళీ రమ్మంటా ఉండావే తల్లీ."

ఏంజెలిన్ నాలుక కరుచుకుని అంతా కొట్టేసింది. కొలత, చిరునామా, సమయం పంపండి అని మాత్రం పెట్టింది. మరి నూలో అని ఆనందరాజ్ అడిగాడు. నూలు ఫోన్లో రాదు కదా అంది ఏంజెలిన్ నవ్వి. ఆయన నవ్వలేదు, కాదనలేదు.

పదకొండో రోజు పొద్దున మొదటి మెసేజీ వచ్చింది. కనకమ్మ సత్రం అనే ఊరి నుంచి, జీవా అనే అతను. ఐదడుగుల ఆరంగుళాలు, చర్చి వీధి, సాయంత్రం నాలుగుకు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే. ఏంజెలిన్‌కు ముందు సంతోషం వేసింది, తర్వాత ఆ సంతోషానికి సిగ్గేసింది. పరుగెత్తి తండ్రికి చెప్పింది.

"నూలు కొలతేనా?" అన్నాడాయన.

"ఆ, నూలు కొలతే నాయనా."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కొలత కొలతే కదా అనుకుంది. మళ్ళీ ఫోను చేసి అడిగితే మొదటి ఆర్డరే జారిపోతుందేమోనని లోపల భయం కూడా ఉంది. ఆనందరాజ్ ఆ అంకెకు నాలుగు వేళ్ళు కలిపి గీత గీశాడు. రెండు గంటలకల్లా పెట్టె అయింది. లోపల తెల్లగుడ్డ కొట్టి, మూతకు వెండి కాగితం శిలువ అంటించారు. కుట్టియానై అని అందరూ పిలిచే చిన్న లోడు బండి వచ్చింది. దాంట్లో పెట్టె, పనిముట్ల సంచి, ఆయన ఎప్పుడూ వేసుకునే రెండు మిగులు చెక్కలు ఎక్కించారు. ఏంజెలిన్ కూడా ఎక్కింది.

పోయినవాడు జీవా తండ్రి, ఏసు అనే మేస్త్రి. ఇంటి ముందర షామియానా, మైకులో పాటలు, ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న జీవా. నలుగురు ఏసును ఎత్తి పెట్టెలో దించబోయారు. తల ఆనింది. కాళ్ళు ఆనలేదు. పాదాలు పెట్టె అంచు మీదే నిలిచిపోయాయి. పాట ఆగిపోయింది. మోకాళ్ళు కొంచెం మడిస్తే పడతాడని ఎవరో గొణిగారు. ఏసు భార్య కుప్పమ్మ ఆ మాట వినింది. ఆమె మొహం చూసిన ఏంజెలిన్‌కు భూమి చీలితే అందులో దిగిపోవాలనిపించింది.

నిలబడిన మనిషిది ఒక కొలత, పడుకున్న మనిషిది ఒక కొలత. ప్రాణం పోయాక పాదాలు ముందుకు వాలిపోతాయి. ఆ సంగతి నూలుకు తెలుసు, ఆనందరాజ్‌కు తెలుసు. కస్టమర్ కేర్‌లో ఎవరూ నేర్పలేదు.

ఆయన కూతురివైపు ఒక్కసారి చూశాడు. తర్వాత కుప్పమ్మ దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"తప్పు నాదమ్మా. నేనే నూలు అడక్కుండా చేసినా. అరగంట ఇయ్యండి, మడవనీకుండా సరిగ్గా చేస్తా."

ఏసును మళ్ళీ చాప మీద పడుకోబెట్టారు. ఆనందరాజ్ జేబులోంచి నూలు ఉండ తీసి, జీవాను పిలిచాడు. తల దగ్గర కొన పట్టుకోమన్నాడు. జీవా ఫోను జేబులో వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నూలు పట్టుకున్న వేళ్ళు తండ్రి నుదుటికి తగిలాయి. అక్కడే ఆగిపోయాయి. ఆనందరాజ్ కాళ్ళ దగ్గర కొలిచి తెంపాడు, అయినా జీవా చెయ్యి తియ్యలేదు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"పొద్దట్నించి అందరికీ ఫోన్లే చేస్తా ఉండా అక్కా," అన్నాడు పక్కనున్న ఏంజెలిన్‌తో. "పాస్టరయ్యకు, మైకుసెట్టుకు, మీకు. నాకంటే రవ్వంత పొట్టి గదా అని తలిచి ఆ కొలత పెట్టినా. మా నాయన్ని ఇంతవరకూ ముట్టుకోనే లేదు."

ఏంజెలిన్ నేర్చుకున్న మాటలన్నీ ఫోను పెట్టించడానికే. అతని పక్కన కింద కూర్చుంది. ఆనందరాజ్ పెట్టె కాళ్ళవైపు పలక ఊడదీసి, మిగులు చెక్కలు అతికి జానెడు పెంచి, గుడ్డ మళ్ళీ కొట్టాడు. నూలును అడుగున పరిచాడు. ఏసు కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. సమాధులకు నాలుగుకు బయలుదేరవలసినవాళ్ళు నాలుగున్నరకు బయలుదేరారు. ఏంజెలిన్ ఎవరికీ పోయొస్తామని చెప్పకుండా బండెక్కింది.

దోవలో, ఫోను తీసేద్దామా అని తండ్రిని అడిగింది.

"ఫోనేం చేసింది పాపం? నువ్వు అడిగింది అది తెచ్చిచ్చింది. అడిగేది మనం సరిగా అడగల్ల."

ఆ సాయంత్రమే ఏంజెలిన్ జవాబు మార్చింది. ఇంట్లోవాళ్ళు ఒకరు నూలుతో కొలిచి, ఆ నూలు తీసుకుని రండి. రాలేకపోతే ఫోను చెయ్యండి, మేమే వస్తాం. పెద్ద కంపెనీలవాళ్ళు చూస్తే ఇదేం వ్యాపారమని నవ్వుతారు. నవ్వనీ. కనకమ్మ సత్రం పాస్టరయ్య ఆ కార్డులే ఇంకో యాభై అడిగి తీసుకున్నాడు. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. నీలం గుడ్డ పొట్లం అల్మారాలోనే ఉంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తిరుత్తణి నుంచి ఫోను వచ్చింది. పేరు నిత్య అంది. వాళ్ళమ్మ పోయింది. అన్న బెంగుళూరు నుంచి బయలుదేరాడు, ఇంట్లో తనొక్కతే ఉంది. మీ మెసేజీ చూశాను, నూలు ఉంది, కానీ రెండో కొన పట్టుకునేవాళ్ళు లేరు అని చెప్పి ఆగిపోయింది.

ఏంజెలిన్ లేచి నిలబడింది. ఆనందరాజ్ చప్పుడు ఫోన్లోకి పోకుండా చిత్రిక బల్ల మీద పెట్టేశాడు.

"కొనను అమ్మ తలకాడ దిండుకి గుచ్చండక్కా. పిన్నీసుందా? ఇప్పుడు మెల్లిగా కాళ్ళకాడికి పోండి. తొందరేం లేదు. నేను లైన్లోనే ఉండా."

అవతల నుంచి కొంగు రాపిడి వినబడింది, తర్వాత ఏడుపు వినబడింది. నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఇరవై దాటాయి. ఏంజెలిన్ ఫోను చెవినుంచి తియ్యలేదు, ఓదార్చనూ లేదు.

చివరికి, కొలిచినా అంది నిత్య.

ఎంతని ఏంజెలిన్ అడగలేదు.

"నూలు చేతిలోనే పెట్టుకోనుండండక్కా. మా నాయన వచ్చి తీసుకుంటాడు."

ఆనందరాజ్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.