ట్రెయిలర్ తలుపు ఎవరు వేశారు

మెరిట్ పోయి నాలుగు నెలలైంది గానీ అతని పేరున ఉత్తరాలు రావడం మాత్రం ఆగలేదు. విత్తనాల వాళ్ళు, ట్రాక్టర్ల వాళ్ళు, చెవిటి మిషన్ల వాళ్ళు, అందరికీ అతనితోనే పని. పోస్టాఫీసులో లోయిస్ ఆ కట్టని కిటికీలోంచి విల్డాకి అందిస్తూ, "బతికున్నన్నాళ్ళూ ఈ మనిషికి ఒక్కడూ ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, గవర్నరుకి కూడా ఇన్ని రావు" అంది. లోయిస్ నోటికి చావైనా పెళ్ళైనా ఒకటే. విల్డాకి నవ్వొచ్చింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

కట్టలో ఎర్ర అక్షరాల కవరు ఒకటుంది. భద్రతా హెచ్చరిక, వెంటనే చదవండి అని దాని మీద. పికప్‌లో కూర్చుని చింపి చూసింది. పికప్ బండి వెనక తగిలించుకునే వాళ్ళ గుర్రాల ట్రెయిలర్ తయారుచేసిన కంపెనీ రాసింది. ఫలానా మూడేళ్ళలో అమ్మిన ట్రెయిలర్ల వెనక తలుపు గడియలో లోపం ఉందట. తలుపు సరిగ్గా వేసి, చీల పూర్తిగా దించినా సరే, రోడ్డు కుదుపులకి లోపలి స్ప్రింగు జారిపోయి గడియ దానంతటదే ఊడిపోవచ్చట. ఇప్పటికి ఇరవై ఒక్క ఫిర్యాదులు అందాయట, కొన్ని గుర్రాలు చనిపోయాయట. బండిని దగ్గర్లోని డీలరు దగ్గరికి తీసుకెళ్తే కొత్త గడియ ఊరికే బిగించి ఇస్తారట. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నారట.

అసౌకర్యమట. ఆ మాట రాసినవాడు గుర్రాన్ని బొమ్మలో తప్ప చూసి ఉండడు.

విల్డా ఉత్తరాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ముందుగా ఆమెకి కలిగింది సంతోషమే, దాచడం దేనికి. తప్పు నాది కాదు అనుకుంది. గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. ఇంటికి ఇరవై మైళ్ళు. ఆ సంతోషం సగం దారి దాకా వచ్చింది, అంతే.

ఆరేళ్ళ కిందటి మాట. కూతురు టెస్సాకి అప్పుడు పదిహేడు. మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని పరిగెత్తించే పందెంలో ఆ పిల్లని కొట్టేవాళ్ళు చుట్టుపక్కల లేరు. టాన్సీ అనే ఎర్ర గుర్రం తల్లి ఈనగానే చచ్చిపోతే, టెస్సాయే దానికి సీసాతో పాలు పట్టి పెంచింది. ఆ జూన్‌లో రాష్ట్ర పోటీలకి ఎంపికైంది. స్నేహితురాలి వాళ్ళ బండిలో టెస్సా ముందు వెళ్ళిపోయింది. గుర్రాన్ని తీసుకుని అమ్మా నాన్నా వెనకాల రావాలి.

ఆ దేశంలో గుర్రాల బండి తోలేవాడు, ఎక్కేముందు ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలి. తలుపు ఎవరు వేసినా సరే. మెరిట్ ఏనాడూ అది మానలేదు. ఆ రోజు మోకాలు పీకేస్తోందని కుంటుతున్నాడు. "నేను వేశాలే, నువ్వు ఎక్కు" అంది విల్డా. అతను ఎక్కాడు.

నది దాటాక, కొండ దిగే చోట వెనక కారువాడు ఆపకుండా హారన్ కొట్టాడు. మెరిట్ అద్దంలో చూసి బ్రేకు వేసేటప్పటికే తలుపు రెక్క గాలికి కొట్టుకుంటోంది. టాన్సీ రోడ్డు పక్క గడ్డిలో లేవబోతూ పడుతోంది, మళ్ళీ లేవబోతోంది. అంతకన్నా చెప్పడానికి మనసొప్పదు. హైవే పోలీసు తుపాకితో దాని బాధ తీర్చాడు. అప్పటికి కబురంది టెస్సా వెనక్కి వచ్చేసింది. పోలీసు కాగితం తీసి, తలుపు ఎవరు వేశారని అడిగాడు.

"నేనే" అన్నాడు మెరిట్.

విల్డా అప్పటికే నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున పశువులకి గడ్డి వేస్తున్నప్పుడు, అలా ఎందుకన్నావని అడిగింది. మెరిట్ ఆమె వైపు చూడలేదు. "టెస్సాకి నా మీద కోపమొస్తే నీ దగ్గరికొస్తుంది. నీ మీదొస్తే ఎవరి దగ్గరికెళ్తుంది? నాకెలాగూ ఆ పిల్లతో ఏం మాట్లాడాలో తెలిసి చావదు. వదిలెయ్" అన్నాడు.

వదిలెయ్యమన్నదే తడవుగా వదిలేసింది. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు. రేపు చెబుతాను, పోటీల కాలం అయిపోయాక చెబుతాను, పిల్ల కాలేజీకి వెళ్ళాక చెబుతాను అనుకుంటూ ఆరేళ్ళు గడిపేసింది. టెస్సా మళ్ళీ గుర్రమెక్కలేదు. కియర్నీ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరింది. పండగలకి వచ్చేది, తల్లి పక్కన కూర్చునేది, తండ్రితో ఉప్పు అందించమని తప్ప మాట్లాడేది కాదు. అతను అదే పదివేలన్నట్టు ఉప్పు అందించేవాడు.

ఇంకో సంగతి విల్డాని లోలోపల తినేస్తోంది. ఆ రోజు చీలని అరచేత్తో అడుగు దాకా నొక్కిన గుర్తు ఆమెకి బాగా ఉంది. ఎండకి ఇనుము చురుక్కుమంది కూడా. సరిగ్గా వేశాను, అయినా ఊడింది అని ఆమె అక్కడే చెప్పి ఉంటే, ఎవరో ఒకరు ఆ గడియని విప్పి చూసేవాళ్ళు. తండ్రి తొందరపడి ఉంటాడని అందరూ అనేసుకున్నారు, ఇంక ఎవరు చూస్తారు? పోనుపోను తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

టెస్సాకి ఫోన్ చేసి ఆదివారం రమ్మంది. ఏం చెప్పాలో దారిలోనే నిర్ణయించుకుంది. ఉత్తరం చూపిస్తుంది. లోపం గడియది, మీ నాన్నది కాదు అంటుంది. పోయినవాడి మీద మచ్చ పోతుంది, కూతురి మనసు కుదుటపడుతుంది. తలుపు ఎవరు వేస్తేనేం ఇంక? ఎవరికి నష్టం?

ఆదివారం మాంసం, చిక్కుడు గింజలు వేసి చిల్లీ వండింది, దాల్చినచెక్క రొట్టెలు కాల్చింది. టెస్సా ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఇంకేమీ తినలేదు. బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. విల్డా ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. ఇంత సులువుగా అయిపోయిందే అని కూడా అనుకుంది, పాపం.

కాసేపటికి టెస్సా మొహం తుడుచుకుంది. ఏడుపులోనే కొంచెం నవ్వి, "పిచ్చి నాన్న" అంది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

"మరి 'నేను సరిగ్గానే వేశాను' అని ఒక్కసారైనా అనలేదేంటమ్మా? ఎన్నిసార్లు నిలదీశాను. పోయిన క్రిస్మస్‌కి కూడా అడిగాను, చీల కిందికి దించావా లేదా అని. 'ఏమోనమ్మా, చెప్పలేను' అన్నాడు. తన చేత్తో వేసిన తలుపు గురించి ఎవరైనా అలా అంటారా?"

మీ నాన్న మాటకారి కాదు కదే అంటే సరిపోయేది. ఆ మాట విల్డా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ కూతురి కోసం ఒక్క అబద్ధమాడి, దాన్ని నిలబెట్టుకోవడానికి రెండోది ఆడలేక, ఆరేళ్ళు నంగినంగిగా నిలబడ్డ మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఇప్పుడు కూడా అతన్ని ముందుకి తోసి తను వెనక దాక్కోవడం ఆమె వల్ల కాలేదు.

"చెప్పలేను అన్నాడంటే, నిజంగా తెలీకే. మీ నాన్న ఆ తలుపు ముట్టుకోనే లేదు. వేసింది నేను" అంది.

తర్వాత అంతా చెప్పింది. మోకాలు, ఎక్కమనడం, పోలీసు, మర్నాటి పొద్దున. ఏదీ దాచలేదు, తనని తాను వెనకేసుకు రాలేదు. టెస్సా మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. కేకలేస్తుందని విల్డా ఎదురుచూసింది. వేస్తే బాగుండుననిపించింది.

"ఆస్పత్రిలో చివరి రోజు నాన్న నన్ను మంచినీళ్ళడిగాడు" అంది టెస్సా చివరికి, మెల్లగా. "గ్లాసు నా పక్కనే ఉంది. నా చేత్తో ఇవ్వబుద్ధి కాలేదు. బయటికెళ్ళి నర్సుని పిలిచాను. ఆవిడొచ్చేసరికి నాన్నకి తెలివి లేదు."

టెస్సా ఉత్తరాన్ని మడిచి తల్లి వైపు జరిపింది.

"నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. మంచానికి అటు పక్క."

"ఉన్నాను" అంది విల్డా.