పదకొండో బెడ్డు అప్పగింత

పొద్దున ఏడున్నరకి ప్రసూతి వార్డులో అప్పగింత మొదలవుతుంది. రాత్రి డ్యూటీ సిస్టర్ ముందు, పగటి డ్యూటీ సిస్టర్ వెనక. ఒక్కో బెడ్డు దగ్గరా ఆగి, ఈమెకి కాన్పు ఎప్పుడయింది, బీపీ ఎంతుంది, ఒంటేలు పోసిందా లేదా, బిడ్డ పాలు పట్టుకున్నాడా లేదా, అన్నీ చెప్పాలి. పగటి సిస్టర్ విని "తీసుకున్నా" అనాలి. ఆ మాట అన్నాకే ఆ బెడ్డు ఒకరి నెత్తి మీంచి దిగి ఇంకొకరి నెత్తికెక్కుతుంది. వార్డులో బెడ్లు ఇరవై రెండు. ఆ రోజు ఉన్న బాలింతలు ఇరవయ్యేడు మంది. మిగిలినవాళ్ళకి చాపలు.

ఈ అప్పగింత సరిగ్గా జరక్కపోతే ఆ ఆసుపత్రి గేటు నర్సుని బయటికి పోనివ్వదు. అడ్డంపడటాలూ గొడవలూ ఏమీ ఉండవు, గేటు బార్లా తీసే ఉంటుంది. నర్సు కాలు బయటపెడితే ఆ కాలు రోడ్డు మీద పడదు, వార్డు గుమ్మంలో పడుతుంది, అంతే. ఊళ్ళో ఇది తెలియనివాళ్ళు లేరు. ట్యాక్సీవాళ్ళు నర్సుల్ని గేటు లోపల ఎక్కించుకోరు, "ముందు దాటి రా సిస్టర్, బేరం తర్వాత" అంటారు. ఒకసారి దేలాలి అనే పిల్ల తన పెళ్ళిరోజున డ్యూటీ దిగి, వార్డులోనే తెల్లగౌను తొడుక్కుని బయల్దేరింది. ఎవరిదో కంట్లో చుక్కల సంగతి చెప్పడం మరిచిపోయింది పాపం. మూడుసార్లు అదే గౌనులో వార్డు గుమ్మంలో తేలింది. చర్చిలో పెళ్ళికొడుకు గంటన్నర చెమటలు కక్కాడు. డాక్టర్లని మాత్రం ఆ గేటు ఏనాడూ ఆపలేదు. అదెక్కడి న్యాయమో ఆ గేటునే అడగాలి.

ఆ పొద్దున అప్పగిస్తున్నది అక్పెనే అనే సిస్టరు. అదే ఆమె ఆఖరి డ్యూటీ. సాయంత్రం ఆరింటికి రాజధాని అక్రాలో విమానం ఎక్కి ఇంగ్లండు పోవాలి. మూడింటికల్లా విమానాశ్రయంలో ఉండాలి, దారి నాలుగున్నర గంటలు. పది దాటితే కష్టం, పదిన్నర దాటితే ఇక లేనట్టే. మొగుడు ఎడెమ్ రెండు పెట్టెలూ ట్యాక్సీలో వేసుకొచ్చి గేటు బయట కూర్చున్నాడు. ప్రయాణం రోజున రాత్రి డ్యూటీ ఎవరైనా చేస్తారా అని అత్తగారు ముందురోజే తిట్టిపోసింది. మరి ఎవరు చేస్తారు? ఆ ఏడాది ఆ ఒక్క వార్డు నుంచే ఆరుగురు నర్సులు దేశం దాటారు.

ఈ విమానం కోసం అక్పెనేకి నాలుగేళ్ళు పట్టింది. ఇంగ్లీషు పరీక్షలో రాత దగ్గర రెండుసార్లు అర మార్కుతో పోయింది. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషులోనే చదివిన మనిషి, అయినా పోయింది. మూడోసారికి గట్టెక్కింది. అక్కడి ఆసుపత్రివాళ్ళు, ఈ జట్టుతో బయటిదేశాల నర్సుల్ని తీసుకోవడం ఆపేస్తున్నాం అని స్పష్టంగా రాశారు. ఈ రోజు తప్పితే మళ్ళీ మొదటికే.

అప్పగింత తీసుకుంటున్నది ఎసీనమ్. ఇద్దరూ ఒకే బ్యాచి, ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకే రోజు పక్కపక్కన కూర్చుని దరఖాస్తులు నింపారు. అక్పెనేకి పిలుపొచ్చింది, ఎసీనమ్‌కి రాలేదు. ఆ తర్వాత ఎసీనమ్ అవసరమైనంత వరకే మాట్లాడుతోంది.

"పదకొండో బెడ్డు. యావా. నిన్న మధ్యాహ్నం కాన్పు, మగబిడ్డ. ఆరింటికి బీపీ నూట ఇరవై, ఎనభై."

యావా ముఖం మీద గుడ్డ కప్పుకుని పడుకుని ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, తొలికాన్పు. పక్కనే చాప మీద అత్తగారు మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కునుకుతోంది.

"తీసుకున్నా," అంది ఎసీనమ్. పన్నెండుకి నడిచారు.

అంతా అయ్యాక పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆయాలు అక్పెనేని కావిలించుకుని ఏడ్చారు. ఎసీనమ్ మాత్రం పెన్ను జేబులో పెట్టుకుంటూ, "వెళ్ళు మరి. చలికి బిగుసుకుపోకు," అంది.

అక్పెనే సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వచ్చింది. వాచ్‌మన్ కోజో అన్న టోపీ తీసి నవ్వాడు. ట్యాక్సీలోంచి ఎడెమ్ చెయ్యి ఊపాడు. ఆమె కాలు బయటపెట్టింది.

కాలు వార్డు గుమ్మంలో పడింది.

వార్డంతా తలెత్తి చూసింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక ఆయా, "ఏం మరిచావమ్మా? గబుక్కున చెప్పేసి పో, విమానం నీకోసం ఆగదు," అంది.

ఏం మరిచిందో అక్పెనేకి ఆ క్షణమే తెలుసు. తెలిసి కూడా, "మందుల బీరువా తాళం నా దగ్గరే ఉండిపోయింది," అని జేబులోంచి తీసి ఎసీనమ్ చేతిలో పెట్టింది.

రెండోసారి గేటు దాటింది. మళ్ళీ వార్డు గుమ్మం.

"నాలుగో బెడ్డుకి సెలైను ఇంకొకటి ఎక్కించాలి."

"చెప్పావుగా అది."

"పదిహేడో బెడ్డామె మొగుడు రక్తం తేవడానికి వెళ్ళాడు."

"అదీ చెప్పావు." ఎసీనమ్ ఆమె ముఖంలోకి చూసింది. "ఏంటే నీ సంగతి?"

మూడోసారి గేటు వైపు పోతుంటే ట్యాక్సీ హారన్ మోగింది. "నీ నాలుగేళ్ళ చాకిరీ నీళ్ళపాలు చేస్తావా?" అని ఎడెమ్ కేకేశాడు. "ఎనిమిది ముప్పావయింది!"

"నీ పెళ్ళాన్ని తిడితే గేటు వినదు తమ్ముడూ," అన్నాడు కోజో అన్న. "లోపల ఏదో ఉంది. ఆమెకి తెలుసు."

అవును, తెలుసు. పొద్దున అయిదింటికి ఇరవై రెండో బెడ్డామెకి రక్తం ఆగలేదు. వార్డు మొత్తానికి పనిచేసే బీపీ పట్టీ ఒక్కటే, అది ఆమె చేతికే ఉంది. అప్పుడే యావా వచ్చి యూనిఫాం పట్టుకుని, "అక్కా, తల పగిలిపోతోంది," అంది. అక్పెనే చేతులనిండా రక్తం. ఆయా చేత ఒక నొప్పి మాత్ర ఇప్పించి, "పడుకో తల్లీ, వస్తా," అంది. వెళ్ళలేదు. ఆరున్నరకి చార్టులు నింపుతూ పదకొండో బెడ్డు దగ్గరికొచ్చేసరికి, రాత్రి రెండింటికి రాసిన అంకెలనే చూసి ఆరింటి గడిలోనూ దించేసింది. ఏడేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని పని. విమానం, పెట్టెలు, పాస్‌పోర్టు, బుర్రంతా అక్కడే ఉంది.

పైగా చూడకుండా అంకెలు రాసేవాళ్ళ పేర్లు నర్సుల కౌన్సిలుకి పంపుతామని కిందటి నెలే ఇన్‌ఛార్జి మేడమ్ గోడకి కాగితం అంటించింది. కౌన్సిలులో మచ్చ పడిన నర్సుని ఇంగ్లండులో ఎవరూ ముట్టుకోరు.

మూడోసారి వెనక్కొచ్చాక అక్పెనే పట్టీ తీసుకుని తిన్నగా పదకొండో బెడ్డుకి పోయి యావా చేతికి చుట్టింది. నూట డెబ్బై, నూట ఇరవై. నమ్మలేక మళ్ళీ చూసింది. అంతే ఉంది. ముఖం మీద గుడ్డ తీస్తే పిల్ల కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"ఎసీనమ్! డాక్టర్ని పిలువ్! మెగ్నీషియం తే!"

ఫిట్స్ రాకుండా ఇచ్చే ఆ ఇంజెక్షన్ సిరంజిలోకి లాగుతుండగానే యావా ఒళ్ళు బిగుసుకుపోయింది. పళ్ళు గిట్టకరుచుకుపోయాయి, మంచం గడగడా ఊగింది. ఇద్దరూ కలిసి ఆమెని పక్కకి తిప్పి పట్టుకున్నారు. ఏడేళ్ళుగా కలిసి చేసిన పని, చేతులే చేసుకుపోయాయి. డాక్టరు పరిగెత్తుకొచ్చేసరికి నరానికి ఒకటి, ఒక్కో పిర్రకి ఒకటి, మూడు ఇంజెక్షన్లూ పడ్డాయి. తొమ్మిదిన్నరకి యావా ఊపిరి కుదుటపడింది. "సమయానికి చూశారు," అని డాక్టరు ఆపరేషన్ గదికి పోయాడు.

"ఆరింటికి నూట ఇరవై అన్నావు," అంది ఎసీనమ్.

"ఇప్పుడే పెరిగినట్టుంది."

చాప మీది ముసలమ్మ మనవణ్ణి గుండెకి అదుముకుని లేచొచ్చింది. "పొద్దున్నించీ తలనొప్పి తలనొప్పని కొట్టుకుంటూనే ఉంది తల్లీ. ఈ సిస్టరమ్మే మాత్ర ఇప్పించింది. నీ బిడ్డలు చల్లగా ఉండాలమ్మా," అని అక్పెనే చేతులు కళ్ళకద్దుకుంది.

అక్పెనే ఆ చేతులు విడిపించుకుని బయటపడింది. పిల్ల బతికింది. ఇంకేం కావాలి ఈ గేటుకి? పరుగులాంటి నడకతో పోయి, కళ్ళు మూసుకుని, కాలు బయటపెట్టింది.

వార్డు గుమ్మం.

గోడ గడియారంలో పదికి అయిదు నిమిషాలు తక్కువ. ఎసీనమ్ పదకొండో బెడ్డు పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, చూస్తోంది. చెప్తే అక్పెనే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఈ గుమ్మంలోనే ఉండిపోవాలి.

"నేను చూడలేదు," అంది. మళ్ళీ అంది, వార్డంతా వినేట్టు. "ఆరింటికి ఆమె బీపీ నేను చూడలేదు. ఊరికే రాశాను. తలనొప్పని నా దగ్గరికొచ్చింది, మాత్ర ఇప్పించి పంపేశాను. ఆ సంగతి నీకు చెప్పలేదు."

ముసలమ్మ ఆమెకేసి చూసింది. ఆ చూపు అక్పెనే తట్టుకోలేకపోయింది.

"పదకొండో బెడ్డు. యావా," అంది తలొంచుకుని. "పొద్దున అయిదు నుంచి తలనొప్పి. తొమ్మిదింటికి బీపీ నూట డెబ్బై, నూట ఇరవై. ఫిట్స్ వచ్చాయి. మెగ్నీషియం ఇచ్చాం. మందు ఎక్కువవుతోందేమో మోకాళ్ళు తట్టి చూస్తుండాలి, ఊపిరి లెక్కపెడుతుండాలి. తీసుకో ఎసీనమ్."

"తీసుకోను."

అక్పెనే తలెత్తింది.

"తీసుకోనే. సెలాసీ అప్పగించి పోయింది, తీసుకున్నా. డోవీ అప్పగించి పోయింది, తీసుకున్నా. ఆరుగురి దగ్గర తీసుకున్నా. ఇప్పుడు నువ్వు, ఫిట్స్ వచ్చిన పిల్లతో సహా ఇరవయ్యేడు మందిని నా ఒక్కదాని చేతిలో పెట్టి విమానం ఎక్కుతావు. మరి నన్నెవరికి అప్పగిస్తారే? నన్ను తీసుకునేదెవరు?"

ఎసీనమ్ "తీసుకున్నా" అన్న ఆ ఒక్క మాట అనకపోతే చాలు, గేటు దాటడమనేది ఉండదు. అక్పెనేకి కోపంగా ఉంది, భయంగా ఉంది, అన్నిటికంటే సిగ్గుగా ఉంది. వెళ్ళి స్టూలు లాక్కుని యావా పక్కన కూర్చుంది. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యేసి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టసాగింది. బయట హారన్ ఆగకుండా మోగుతోంది. పది దాటి పది నిమిషాలు. పావు.

"పదహారు," అంది పైకి. "బానే ఉంది."

ఎసీనమ్ వచ్చి ఆమె చేతిలోంచి పట్టీ లాక్కుంది. "జరుగు. నీ లెక్క నేను నమ్మను." తనే చుట్టి, తనే గాలి కొట్టి, స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని విన్నది. నూట యాభై, వంద. తనే మోకాళ్ళు తట్టి చూసింది. తనే ఊపిరి లెక్కపెట్టింది, పూర్తిగా నిమిషం. పదహారే. చార్టు తీసి రాసింది.

"ఆరింటి గడి మీద గీత కొట్టి, చూడలేదని రాస్తున్నా," అంది తలెత్తకుండా. "మేడమ్ అడిగితే ఉన్నది చెప్తా. కౌన్సిలువాళ్ళు అడిగినా అదే చెప్తా. నీకోసం అబద్ధమాడితే సాయంత్రం నేనీ గేటు దాటలేను, ఇంట్లో నా పిల్ల ఉంది."

"రాయి."

"రాత్రంతా ఒక్కదానివే ఉన్నావని కూడా రాస్తా. పట్టీ ఒక్కటే ఉందని కూడా."

అక్పెనే ఏడుస్తోంది. ఎసీనమ్ పెన్నుకి మూత పెట్టింది. యావా చార్టు బెడ్డుకి తగిలించింది.

"తీసుకున్నా," అంది చివరికి. "పోవే. పో."

పది ఇరవై అయింది. కోజో అన్న గేటు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎడెమ్ ట్యాక్సీ తలుపు తెరిచి పట్టుకున్నాడు, తిట్టడం కూడా మానేశాడు. అక్పెనే గేటు మధ్యలో ఆగింది. తర్వాత కాలు బయటపెట్టింది.

కాలు రోడ్డు మీద పడింది. ఎర్రమట్టి, వేడిగా ఉంది.

ఆమె రెండో కాలు వెంటనే తీయలేకపోయింది. ఈసారీ వెనక్కి తోసేస్తుందని, నీ చోటు ఇదేనని గేటే చెప్తుందని, ఇంక తను తేల్చుకోవలసింది ఏమీ ఉండదని లోపల ఎక్కడో ఆశపడింది. గేటు ఆమెని నిక్షేపంగా పోనిచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే వార్డు గుమ్మంలో ఎవరూ లేరు. సాగనంపడానికి ఎసీనమ్‌కి తీరికెక్కడిది? ఇరవయ్యేడు మంది.

"ఏమైందే? ఎక్కవేం?" అన్నాడు ఎడెమ్.

"తీసుకుంది," అంది అక్పెనే. నడిరోడ్డు మీద, కోజో అన్న చూస్తుండగానే, గొంతెత్తి ఏడ్చింది. ఏడుస్తూనే ట్యాక్సీ ఎక్కింది.