బాణం చివరి గడి

రెండో అడ్డగీత గీసి, వేళ్ళకంటిన సుద్దపొడిని ప్యాంటుకు తుడుచుకుని, రెజిస్ బుర్దియా క్లాసువైపు తిరిగాడు. బోర్డు మీద మూడు వరసల పట్టిక సిద్ధం. పై వరసలో x, నడుమ అవకలజం గుర్తులు, కింద బాణాలు. శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర. వియెర్జోన్ ఊరి ప్రభుత్వ పాఠశాలలో ఆఖరి ఏడాది తరగతి, ఎదురుగా ఇరవై ఆరు ఆవులింతలు.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. భుజాలు ఎప్పుడో అవరోహణలో పడ్డాయి, పొట్ట మాత్రం ఆరోహణ మానలేదు. కోటు జేబు చిరిగి, కుట్టు పడి, మళ్ళీ చిరిగింది. ఇరవై ఏడేళ్ళుగా అతను చేస్తున్న ఉద్యోగం ఒకటే: రాని పంతులుకి బదులు పంతులు. ఒకరి సెలవు ఇతని కొలువు. ఎవరో టీచరమ్మ కడుపు పండితే ఇతని కడుపు నిండేది. వాళ్ళు తేరుకోగానే ఇతను తేలిపోయేవాడు. నలభై ఒక్క బళ్ళు తిరిగాడు గానీ ఒక్క క్లాసునైనా జూన్ పరీక్ష దాకా తీసుకెళ్ళింది లేదు. ఇంట్లోనూ అదే తంతు. కొరిన్ అతనితో ఆరేళ్ళు కాపురం చేసి, మొదటి మొగుడు ఫోన్ చేసిన రోజున సూట్‌కేసు సర్దుకుంది.

ఈ ఏడు మాత్రం వేరు. ఈ క్లాసు లెక్కల టీచరు దెలోర్మ్ మేడమ్‌కి అక్టోబరులో నడుం ఆపరేషనైంది. వేసవి దాకా రారన్నారు. అంటే ఈ ఇరవై ఆరుగురినీ పరీక్ష హాలు గుమ్మం దాకా నడిపించేది తనే. ఇంకా ఐదు వారాలు. అతనికి కావలసింది ఆ ఐదు వారాలే.

"లిలూ, రామ్మా."

జడ నములుతూ వచ్చింది లిలూ. లెక్క f(x) = x e⁻ˣ, సున్నా నుంచి మొదలు. అవకలజం చక్కగా తీసింది: (1 − x) e⁻ˣ. ఆపైన అక్టోబరు నుంచి చేస్తున్న తప్పే మళ్ళీ చేసింది. ఘాతంలో మైనస్ కనబడగానే e⁻ˣకి ఇంకో వరస గీసి పొడుగునా మైనస్‌లు పెట్టేసింది. దాంతో అంతా తలకిందులు. సున్నా నుంచి ఒకటి దాకా బాణం కిందికి దిగింది, ఆ తర్వాత పైకి లేచింది.

"చివర్లు?" అన్నాడు రెజిస్. బాణం రెండు కొసల్లో విలువలు రాయందే అతను ఏ పట్టికనూ ఒప్పుకోడు.

రాసింది. మొదటి బాణానికి మొదట 0. చివర 0.37.

"సున్నాలో బయల్దేరి, కిందికి దిగి, 0.37కి చేరావు. మీ ఇంట్లో మెట్లు ఇలాగే ఉంటాయా?"

"వాళ్ళ లిఫ్టు చెడిపోయింది సార్!" వెనక బెంచీ నుంచి బాస్త్యాన్ అందుకున్నాడు.

"నీ బుర్ర కంటే నయం లేరా. అది ఒకప్పుడైనా పైకెళ్ళేది."

అందరూ నవ్వారు, లిలూ తప్ప. "మరి మైనస్ ఉంది కద సార్!"

"ఉంది. ఎక్కడ? నెత్తి మీద. నెత్తి మీద మైనస్ ఉంటే e చిక్కిపోతుంది గానీ చచ్చిపోదు. ఎంత చిక్కినా సున్నాకి పైనే, ఎప్పుడూ పాజిటివే. గుర్తు తేల్చేది (1 − x) ఒక్కటే."

"నాకు ఎక్కట్లేదు సార్. పరీక్షలోనూ ఇదే రాసి చస్తాను, చూడండి."

"రాయవు. ఐదు వారాలుంది. నేనున్నాను."

పది గంటల విరామంలో ఉపప్రధానోపాధ్యాయురాలు పాస్కియే మేడమ్ అతన్ని కాఫీ మిషన్ దగ్గర పట్టుకుంది. ఆవిడ ముఖం నిండా మంచి కబురే.

"శుభవార్తండీ బుర్దియా గారూ! దెలోర్మ్ మేడమ్‌కి డాక్టరు సరేనన్నాడట. సోమవారం వచ్చేస్తున్నారు."

ప్లాస్టిక్ కప్పు కాలుతున్నా అతను చెయ్యి మార్చుకోలేదు. "పరీక్షకి ఐదు వారాలే కదండీ. పూర్తి చేయనిస్తే..."

"ఆవిడ క్లాసు కదండీ అది."

"అవునవును. నేను వచ్చింది ఆవిడ నడుం పుణ్యమానే కదా, ఆవిడే నడుం కట్టుకుని వస్తుంటే ఇక నేనెందుకు."

ఆవిడ నవ్వింది. మాటకారి అన్న పేరు వల్ల అతనికి ఒరిగిన నష్టం ఇదే, ఎంత కుమిలినా జనం నవ్వుతారు.

"పిల్లలకి మాత్రం చెప్పకండేం. వీడ్కోళ్ళూ ఫొటోలూ అంటూ ఇవాళ్టి పాఠం పోతుంది. సోమవారం మేమే చెప్తాం."

భోజనాల హాల్లో చేప ముక్క పళ్ళెంలోనే చల్లారింది. పక్కన కూర్చున్న చరిత్ర మాస్టారు నోట్లో రొట్టె ఉండగానే అడిగాడు: "ఇంతకీ నీ పేరేంటన్నావ్?"

మధ్యాహ్నం అదే క్లాసుకు చివరి పీరియడు. రెజిస్ జోకు వేయలేదు. నెల రోజుల పాఠాన్ని గంటలో కుక్కబోయాడు. బోర్డు నిండింది, సుద్ద విరిగింది, నోటుపుస్తకాలు ఖాళీగా ఉండిపోయాయి. "నెమ్మది సార్, రైలేమీ పోవట్లేదుగా," అన్నాడు బాస్త్యాన్. గంట కొట్టారు. తలుపు దగ్గర లిలూని ఆపాడు.

"పొద్దుటి ఆ ఒక్క లెక్కా ఇప్పుడే చేసెయ్యమ్మా. పది నిమిషాలు."

"బస్సెళ్ళిపోతుంది సార్! సోమవారం చూపిస్తా, ఒట్టు."

అతను పక్కకి జరిగి దారిచ్చాడు. "చివర్లు రాయడం మరిచిపోకు," అన్నాడు.

స్టాఫ్‌రూములో టీచర్ల కాగితాలు వేసే పెట్టెల వరస ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. తన పేరు రాసి అతికించిన కాగితం పట్టీని గోటితో లేపి ఒలిచాడు. అడుగున అచ్చక్షరాల్లో దెలోర్మ్ పేరు చెక్కుచెదరలేదు. గది తాళంచెవి ఆఫీసు బల్ల మీద పెట్టి, సంతకం చేసి, నాలుగు ముప్పావు రైలుకి బూర్జ్‌లోని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఐదింటికి లిలూ రొప్పుకుంటూ గేటు దగ్గరికి తిరిగొచ్చింది. బస్సు రాలేదు. స్టాపులో కూర్చుని లెక్క చేసేసింది.

"లెక్కల సార్ ఉన్నారా, జోసియాన్ ఆంటీ?" గేటు కాపలా ఆవిడని అడిగింది.

"బయటికెళ్ళడం చూశానే. ఇలా ఇవ్వు, పెట్టెలో వేస్తాను. సోమవారం చూసుకుంటాడులే."

గళ్ళ కాగితం. e⁻ˣ వరసలో అన్నీ ప్లస్సులే, మొదటిదాన్ని పెన్నుతో రెండుసార్లు దిద్దింది. సున్నా నుంచి 0.37కి బాణం ఎక్కింది, అక్కణ్ణుంచి రెండోది దిగింది. దాని కొసన చివరి గడి ఖాళీగా వదిలి, పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసింది: "సార్, ఇక్కడ 0 వేయొచ్చా? ఎప్పటికీ చేరదు కదా?" దెలోర్మ్ అన్న పేరు కింద, పెట్టె అంచుకి అంగుళం బయటికి, ఆ కాగితం మూల.