సముద్రం కలిపిన ఏళ్లు

"ఆరువందల ఇరవై ఏళ్ల చరిత్ర" అని ఖబరస్తాన్ ముందు అలీ కట్టించిన ఫ్లెక్సీ ఇంకా రంగు తగ్గలేదు. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోతే, మురుగుకాలవ గట్టున ఆ ఖబరస్తాన్ దిబ్బ ఉంది. అలీ తాతముత్తాతలు సముద్రపు చిప్పలు కాల్చి సున్నం చేసిందీ, చచ్చి మట్టిలో కలిసిందీ అక్కడే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టుకునే అలీకి ఊళ్లో మిగిలింది ఆ సమాధులూ, మేనత్త జైతూన్ బీ.

రొయ్యల చెరువులకు లారీలు పోవాలని సాంబశివరావు ఆ దిబ్బ మీదుగా రోడ్డు తలపెట్టాడు. రిటైరైన హెడ్మాస్టరు, మాట మెత్తన. తమ ముత్తాత దయతలచి ఇచ్చిన చోటేనని తహసీల్దారు ముందు అలీ ఒప్పుకుంటే రోడ్డు పక్కకు తిప్పిస్తానని కబురు పెట్టాడు. ఆ దయ అనే మాట అలీ ఏడో తరగతిలో బడి మానకముందు బళ్లో విన్నాడు, మానేశాక పెళ్లిళ్లలో విన్నాడు, చావుల్లోనూ విన్నాడు. సాంబశివరావు కుటుంబం ఊళ్లో అడుగుపెట్టక ముందే తమ సున్నపు బట్టీ ఉందని జైతూన్ బీ అంటుంది. ముసలిదాని మాట ఆఫీసులో ఎవడికి కావాలి?

అలాంటప్పుడు దొరికాడు శరత్‌చంద్ర. కాలేజీ లెక్చరరు, పాత బట్టీల మీద పరిశోధన చేస్తున్నాడు. కారు బాగుచేయించుకోను ఆటోనగర్ వచ్చి మాట కలిపాడు. చిప్పలో కార్బన్ ఎంత తరిగిందో చూసి వయసు చెప్పే ల్యాబులున్నాయనీ, బట్టీ దగ్గర కాలకుండా మిగిలిన చిప్పలుంటే పంపిస్తాననీ అన్నాడు.

అలీ ముందే ఊరికెళ్లి చోటంతా శుభ్రం చేయించాడు. సున్నం కాల్చే ఇంట్లో పుట్టినవాడికి చిప్ప బంగారం, బొగ్గు దరిద్రం. నలుసంత నల్లది కనబడితే తాత తట్టకి తట్టే విసిరికొట్టేవాడు. అందుకని బట్టీ అడుగున పేరుకున్న బొగ్గంతా పారతో గీకించి కాలవలో పోయించాడు. చిప్పలు కడిగి, ఆరబెట్టి, కొత్త తువ్వాలులో మూటగట్టి ఇచ్చాడు. శరత్‌చంద్ర మెచ్చుకున్నాడు కూడా.

ఆరువందల ఇరవై అని ల్యాబు చెప్పింది. లెక్క ఇంకొకటి మిగిలి ఉందని శరత్‌చంద్ర ఫోన్లో అంటూనే ఉన్నాడు, వినే ఓపిక అలీకి లేదు. అప్పటికే ఫ్లెక్సీ షాపు మెట్లెక్కుతున్నాడు.

తహసీల్దారు వస్తానన్న రోజు పొద్దున్నే శరత్‌చంద్ర దిబ్బ దగ్గరకొచ్చాడు.

"అలీ గారూ, అది దించేయండి. అందులో నాలుగువందల పైచిలుకు సముద్రానివి."

సముద్రం అడుగున నీళ్లు వందల ఏళ్లు గాలి మొహం చూడవట. తరిగిన కార్బన్‌తోనే అవి పైకొచ్చి కలుస్తాయి. ఆ నీళ్లతోనే పురుగు చిప్ప కట్టుకుంటుంది. దాన్ని ప్రాణంతో పట్టి ల్యాబుకిచ్చినా వందల ఏళ్లదనే చూపిస్తుంది. ఆ దొంగ వయసు ఈ తీరంలో కచ్చితంగా ఎంతో తెలియదు; తీసేస్తే మిగిలేది వందేళ్లో, రెండువందలో తేలదు. బట్టీ సాంబశివరావు ముత్తాతకు ముందుదో, తర్వాతదో చెప్పలేం.

అలీ నవ్వాడు. "పురుగే నయం సార్. పుట్టగానే పెద్దరికం. మేం ఎన్నేళ్లున్నా నిన్న వచ్చినోళ్లమే."

"బట్టీలో బొగ్గు ఉంటే ఇవ్వండి, మళ్లీ పంపుదాం. కట్టె నేల మీద పెరిగింది, గాలి పీల్చింది. దానికి ఈ సముద్రం గొడవ లేదు."

అలీ కాలవకేసి చూశాడు.

"ముందే చెప్పకూడదా అండీ?"

"మీరు పారేస్తారని నాకేం తెలుసు?"

ఈ ఒక్క పూటకి నోరు మూసుకోమని అలీ బతిమాలాడు. తహసీల్దారు అడిగితే అబద్ధం చెప్పలేనన్నాడు శరత్‌చంద్ర. చదువుకున్నవాడి నిజాయితీ ఎప్పుడూ ఇలాంటి పూటే నిద్ర లేస్తుంది.

జైతూన్ బీ అలీ నాన్న సమాధి పక్కన చతికిలబడి అంతా వింది.

"ఎవడిచ్చాడంటే ఏంటిరా? మీ అబ్బా మీద లారీలు పోకుండా ఉంటే చాలు. ఆ ఒక్క మాట అనేసి రా."

"నువ్వేగా ఫుప్పూ, వాళ్లకంటే ముందునించీ ఉన్నామని చెప్పింది."

"చెప్పాను. కాదంటున్నానా? అయినా పో."

ఫ్లెక్సీ తాళ్లు అలీయే కోశాడు.

సాంబశివరావు ఇంటి వరండాలో తహసీల్దారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ చోటు ఎలా వచ్చిందని అడిగాడు. మొదటిసారి అలీ నోట్లోనే గొణిగాడు.

"కాస్త గట్టిగా చెప్పు అలీ, సారుకు వినపడాలి," అన్నాడు సాంబశివరావు, బళ్లో ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.

"వీళ్ల ముత్తాతగారు ఇచ్చిందేనండి. దయతలచి."

సాంబశివరావు తృప్తిగా తలాడించి, రోడ్డు అవతల గట్టు మీదుగా పోతుందని తహసీల్దారుకు చెప్పాడు. లోపల్నించి అందరికీ కాఫీ వచ్చింది. అలీ నిలబడే తాగాడు.

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయిందండి," అన్నాడు అలీ.