ఎనిమిదిలో రెండు

మా వదిన జెస్సీకి పుట్టిన మూడో బిడ్డ కూడా గంటలోపే పోయిందని ఉత్తరం అందగానే హైదరాబాదు నుంచి ఉదయగిరికి బయల్దేరాను. అది 1997. ముగ్గురు బిడ్డలూ ఒకే తీరున, ఊపిరి అందక నీలంగా మారి పోయారు. జెస్సీ కడుపే మంచిది కాదని, పుట్టింటికి పంపెయ్యమని చర్చి ఆడవాళ్లు అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారట.

నాకు ఒళ్లు మండింది. ల్యాబులో నేను చేసేది ఇలాంటి చావుల మీద పనే. మిగతా జన్యువులు ఎప్పుడు పని మొదలుపెట్టాలో చెప్పే జన్యువు ఒకటుంది. దాన్ని ఎలుకల్లో చెడగొట్టి ఏమవుతుందో చూస్తాం. దానికి రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా ఎలుక హాయిగా తిరుగుతుంది. అలాంటి రెండింటిని జతకడితే మాత్రం ఎనిమిది పిల్లల్లో ఇంచుమించు రెండు, ఊపిరితిత్తులు విచ్చుకోక నీలం తిరిగి చస్తాయి. వాటిని ఏరి పక్కన పెట్టేది నేనే.

అమ్మ లిదియమ్మ మిషన్ బళ్లో టీచరు. వివరంగా చెబితే వింటుంది. వంటింట్లో చాటలో అలసందలు పోసి చెప్పాను.

"హెన్రీ అన్నకి ఒక మంచి గింజ, ఒక పుచ్చు గింజ. వదినకీ అంతే. రెండు పుచ్చులూ కలిసిన బిడ్డ బతకదు. వదిన ఒక్కదాని తప్పు కాదమ్మా."

ఎవరూ పరీక్ష చేయలేదు. అది నా ఊహే. అయినా రుజువైనట్టే చెప్పాను.

అమ్మ చాటలోంచి ఒక పుచ్చు గింజ ఏరి పట్టుకుంది. జెస్సీ ఆమె సొంత తమ్ముడు ఆదెయ్య కూతురు. పట్టుబట్టి మేనరికం చేసింది అమ్మే.

"అయితే పుచ్చు మా ఇంటిదే. నాలోనూ ఉండాది."

"ఉండొచ్చు. కానీ మా ల్యాబు ఎలుకలకి ఎనిమిదిలో ఆరు బతుకుతాయి గదా!"

"మీ ఎలక ఒక్క కాన్పుకే ఎనిమిది పెడతాది. ఈ పిల్ల ఎన్నిసార్లు మోయాల, ఎన్నిసార్లు పూడ్చిరావాల?" అమ్మ కళ్లు తుడుచుకుంది. "హెన్రీకి బయటి పిల్లని చేస్తే బతుకుతారా?"

పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు ఠక్కున చెప్పాను.

"బతుకుతారు."

వారం తిరక్కుండా అమ్మ మర్రిపాడులో ఉన్న మామయ్యకు కబురు పంపింది. ఎవరినీ తిట్టలేదు, నింద వేయలేదు. హెన్రీకీ జెస్సీకీ వేరే సంబంధాలు చూస్తే ఇద్దరి ఒళ్లోనూ బిడ్డలుంటారని చెప్పింది. అన్న హెన్రీ తలొంచుకుని ఊరుకున్నాడు. నేను అరిచాను, ఏడ్చాను.

"నువ్వు చెప్పినదే గదా" అంది అమ్మ.

జెస్సీ, నేను ఒకే బస్సులో ఆత్మకూరు దాకా వచ్చాం. అక్కడ నేను నెల్లూరు బస్సు, తను మర్రిపాడు బస్సు ఎక్కాలి. తనకు పాలు ఇంకా ఆగలేదు. తడిసిన జాకెట్టు మీద పైట నిండుగా కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. నన్ను క్షమించమన్నాను.

"తప్పు నాదని అంటా ఉన్నన్నాళ్లూ పడి ఉండినాను సుజనా. ప్రార్థన చేసుకుంటే, ఉపవాసం ఉంటే పోతాదనుకున్నా. నా తప్పేం లేదంటివి. ఇంక నేనేం చేస్తే నన్ను ఉండనిస్తారు?"

మర్రిపాడు బస్సు వచ్చింది. సంచీ అందివ్వబోతే తనే తీసుకుని ఎక్కింది.