ఎడమ పక్క స్ప్రింగు

మదనపల్లిలో విత్తనాల అంగడి పెట్టినాక మునిరాజు ఒక పాత మోటరు సైకిలు కొన్నాడు. అంగడి కోసమని ఊరంతా అనుకున్నారు గానీ, అది పెళ్లాం అమరావతి కోసం. ఆ పిల్ల అతని మేనత్త సుభద్రమ్మ కూతురే. తల్లి పోయిన మునిరాజును సుభద్రమ్మే కుప్పంలో తన కూతురితో సమానంగా పెంచి, చివరికి ఆ కూతుర్నీ అతని చేతిలోనే పెట్టింది. నెలకోసారైనా అమ్మను చూడందే అమరావతికి ముద్ద దిగదు. బస్సెక్కితే వాంతులు. అందుకని బండి.

తీరా కొన్నాక, ఆ బండి గుంత కనపడితే చాలు ఎత్తి పడేసేది. పుంగనూరులో రెడ్డెప్ప అనే మెకానిక్కు ఉండాడు, నోరు మంచిది కాదు గానీ పని మంచిదని ఎవరో చెప్తే, ఇద్దరూ కుప్పం పోతా దారిలో ఆయన షాపు ముందర ఆగినారు.

"ఇద్దరూ ఎక్కి కూసోండప్పా" అన్నాడు రెడ్డెప్ప.

"ఈడనే, బజార్లోనా?" అంది అమరావతి.

"కూసోకుంటే నాకెట్ల తెలిసేది తల్లీ, మీ బరువెంతో?"

ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతా కూర్చునింది. రెడ్డెప్ప వంగి, వెనక షాకబ్జర్లు ఎంత దిగినాయో వేళ్లతో బెత్తెలు పెట్టి చూసినాడు. "మనుషులు కూసుంటే స్ప్రింగు కొంచిం దిగల్ల. దిగనే దిగకుంటే నడుములు ఇరుగుతాయి. మొత్తం దిగిపోయిందా, గుంతలో పడినప్పుడు అడుగున కొట్టుకుంటాది" అన్నాడు. స్ప్రింగుల కింద మెట్లు మెట్లుగా ఉండే ఇనప చుట్టుంటుంది. మెట్టు ఎక్కిస్తే స్ప్రింగు బిగుస్తుంది, దించితే మెత్తబడుతుంది. కొక్కెం స్పానరుతో రెండు పక్కలా దాన్ని ఒక్కో మెట్టు తిప్పినాడు. "గుర్తు పెట్టుకో అప్పా. ఎక్కించినా దించినా రెండు పక్కలా ఒకే మెట్టు. చక్రం ఒకటే గదా, దాన్ని రెండూ కలిసే మొయ్యల్ల."

మునిరాజు బుద్ధిగా తలూపినాడు. బతిమాలి ఒక కొక్కెం స్పానరు కూడా సంపాదించుకున్నాడు. ఆ స్పానరు ఇయ్యకుండా ఉంటే ఎంత బాగుండు!

మా పక్క ఆడవాళ్లు బండి మీద కాళ్లు రెండూ ఎడమ పక్కకే వేసి కూర్చునేవాళ్లు. ఒకనాడు అమరావతి, "బావా, నేను ఎడమ పక్కకి జారిపోతాండేట్టుండాది" అంది. అంతే, మునిరాజు ప్రాణం కొట్టుకులాడింది. ఆడమనిషి బరువు ఎడమ పక్క పడతాది కాబట్టి ఎడమ స్ప్రింగు బిగిస్తే సరిపోతాదని మదనపల్లిలో పెళ్లాల్ని ఎక్కించుకొని తిరిగే మగవాళ్లు సగం మంది నమ్మేవాళ్లు. రెడ్డెప్ప మాట గుర్తుండే ఉంది. అయినా వినలేదు. ఎడమ పక్క చుట్టును ఆఖరి మెట్టుకు ఎక్కించి, కుడి పక్కది ఉన్నదున్నట్టు వదిలేసినాడు.

"ఇప్పుడు బాగుండాది బావా" అంది ఆ పిల్ల. మునిరాజు ముఖం చూడాల అప్పుడు!

మళ్లీ కుప్పం ప్రయాణం. పుంగనూరు దాటినాక లారీలు తొక్కి తొక్కి గాడులు పడిన మలుపొకటుంది. అక్కడ ఒక పక్క స్ప్రింగు బిగుసుకొని, ఇంకో పక్కది దిగి, వెనక చక్రం ఎగిరి మెలిపడింది. మునిరాజు హ్యాండిలు పట్టుకొని ఎట్లనో నిలదొక్కుకున్నాడు. ఒక పక్కకు కాళ్లేసుకొని కూర్చున్న మనిషికి పట్టుకునేదానికి ఏముంటుంది? "బావా" అన్న మాట వినపడింది. వెనక్కి తిరిగి చూస్తే, కాలవ మీది మోరీ రాయి పక్కన అమరావతి పడి ఉంది. అప్పటికే ప్రాణం లేదు. మునిరాజుకు మోచేయి మాత్రం గీరుకుంది. ఆ గీత చూసుకొని వాడు ఏడ్చిన ఏడుపు పగవాడికి కూడా వద్దు.

సుభద్రమ్మ కూతురి శవం మీద పడి మొదట తిట్టింది, బండి సరిచేసినాడని కూతురే చెప్పి ఉన్న రెడ్డెప్పనే. "ఆ పుంగనూరోడు స్ప్రింగులు తిప్పి నా బిడ్డను సంపినాడు! వాని సేతులు పడిపోను!" అంది. కర్మలయినాక పుంగనూరు పోయి, ఆయన షాపు ముందర దుమ్మెత్తి పోసింది. రెడ్డెప్ప తలొంచుకొని అన్నీ పడినాడు.

పడిన బండిని ఆ పొద్దే ఎవరో రెడ్డెప్ప షాపుకు చేర్చినారు. మునిరాజు దాన్ని తీసుకపోదామని పోతే, రెడ్డెప్ప ఎడమ పక్క చుట్టు మీద వేలు పెట్టి చూపించినాడు.

"నేను పెట్టింది ఇది కాదప్పా. యాల తిప్పినావు?"

"అమరావతికి వాటంగా ఉంటాదని, అన్నా."

రెడ్డెప్ప నోట తిట్టు రాలేదు. మసి చేతులు ఒళ్లో పెట్టుకొని కూలబడిపోయినాడు. "మీ అత్తకు నేను చెప్పనప్పా. చెప్తే నువ్వే చెప్పల్ల" అన్నాడు కడాకు.

మునిరాజు బండిని అక్కడే వదిలేసి, అంగడి మూసేసి కుప్పం చేరినాడు. అత్తకు తనే దిక్కు, తనకు అత్తే దిక్కు. రోజూ సంగటి పెడతా సుభద్రమ్మ రెడ్డెప్పను తిట్టేది. వాని షాపుకు ఎవరూ పోవడం లేదంట, బాగయింది, అనేది. ప్రతి తిట్టూ తన మెడకే చుట్టుకున్నట్టుండేది మునిరాజుకు. చెప్పేస్తే ఉన్న ఒక్క అత్తా పోతాది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని మనిషి నాశనమైపోతాడు.

ఒక మధ్యాహ్నం ఇంక తట్టుకోలేకపోయినాడు.

"అత్తా, ఆయప్పను తిట్టొద్దు. ఆయప్ప సరిగ్గానే పెట్టినాడు. తిప్పింది నేను. జారతాండానని అమరావతి అనె. ఎడమ పక్కది నేనే బిగిస్తిని. నేనే సంపుకుంటిని అత్తా!"

సుభద్రమ్మ చేతిలోని గరిటె అట్లనే ఆగిపోయింది. కొడుతుందని తల వంచినాడు మునిరాజు. కొట్టినా బాగుండు.

"యాల చెప్పినావురా నాకు?" అంది. "వాన్ని తిట్టుకుంటా బతుకుతాంటినే. ఇప్పుడు ఎవుర్ని తిట్టల్ల? నిన్నా? నిన్ను తిట్టి పోగొట్టుకుంటే నాకింకెవరుండార్రా?"

మర్నాడు ఆ ముసలామె పుంగనూరు పోయి, రెడ్డెప్ప షాపు ముందర అందరూ వినేటట్టు, నీ తప్పేం లేదు నాయనా అని చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో తిట్టు లేదు, ఏడుపు లేదు, అమరావతి పేరు లేదు. వేళకు సంగటి పెట్టి, అటు తిరిగి కూర్చునేది.

"ఒక్కసారి నన్ను తిట్టు అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు మునిరాజు ఒకనాడు.

సుభద్రమ్మ ఇటు తిరగలేదు.

"సల్లారిపోతాది. తినప్పా" అంది.