గాబెర్ జేబులో పరాయి సొమ్ము

గాబెర్ చేతికి ఎముక లేదని ఇంబాబా పేటంతటికీ తెలుసు. పొద్దుటినుంచి మైక్రోబస్సు నడిపి సంపాదించినదాంట్లో, బండి యజమాని వాటా పోగా మిగిలింది సాయంత్రం కాఫీకొట్టు దాటేసరికి సగం ఉండేది కాదు. ఎవడి టైరు పేలినా, ఎవడి భార్యకు నొప్పులొచ్చినా గాబెరే దిక్కు. తాగుబోతయితే తిట్టిపోయవచ్చు, జూదగాడయితే పుట్టింటికి పోవచ్చు. ఇలాంటి మంచివాణ్ణి ఏం చేయాలో అతని భార్య ఇన్షిరాహ్‌కు పాలుపోయేది కాదు.

ఆమె డబ్బు దాచేది. బియ్యం డబ్బాలో, పరుపు కింద, చివరికి చలికాలపు బూట్లలో కూడా. ఎక్కడ దాచినా అతని కంటపడేది, మర్నాటికి ఎవరి అవసరానికో వెళ్లిపోయేది. "ఊరికే పడుంది కదా!" అనేవాడు, నిజంగానే తను చేసిన తప్పేమిటో తెలియనట్టు.

ఈసారి ఊరుకునేలా లేదు. ఆమె పనిచేసే కుట్టు దుకాణం మూతపడుతోంది. చేతికి అలవాటైన మిషన్ను పద్దెనిమిది వేల పౌండ్లకు ఇస్తాననీ, నాలుగు నెలల్లో వచ్చే బక్రీద్ దాకా ఆగుతాననీ దుకాణదారు చెప్పాడు. అది చేతికొస్తే ఇంట్లోనే పని. లేకపోతే మళ్లీ గడప గడపా ఎక్కి పని అడుక్కోవాలి.

వీధిలో గమియ్యా అనే చీటీ నడిపేది, అందరూ హాజ్జా అని పిలిచే ఉమ్ హానీ. పదిమంది నెలకు రెండేసి వేలు వేస్తారు, నెలకొకరు మొత్తం ఎత్తుకుంటారు. పాట లేదు, వడ్డీ లేదు, సంతకమూ లేదు. అంతా మాట మీదే.

"నన్ను చేర్చుకో హాజ్జా. కుట్టుమిషన్ కొనాలి, నాలుగో నెల నాకివ్వు," అంది ఇన్షిరాహ్.

"నువ్వు బంగారానివే తల్లీ. నీ మొగుడితోనే భయం. నెల తిరిగేసరికి నీ రెండు వేలూ ఎవడి పెళ్లి విందులోనో తేలతాయి. ఇరవై ఏళ్లలో నా గమియ్యా ఒక్క నెల తప్పలేదు."

ఇన్షిరాహ్‌కు ఏడుపొచ్చింది. వాకిలి దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంట్లో పైసా మిగల్చని మనిషి, బండి యజమాని వాటా మాత్రం ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. ఇన్నేళ్లుగా చూస్తూనే ఉంది, ఎందుకో ఇప్పుడు తట్టింది.

"అయితే ఆ నాలుగో నెలకు అతని పేరే రాసుకో హాజ్జా. కాఫీకొట్టులో, అందరి ముందూ అడుగు."

ఆ సాయంత్రమే ఉమ్ హానీ వెళ్లి డామినోలాడేవాళ్ల మధ్య నిలబడింది. "గమియ్యాలో ఒక చోటుంది గాబెర్. నాలుగో నెల ఎత్తుకుని నీ భార్యకు ఆ దుకాణంలోని కుట్టుమిషన్ కొనొచ్చు. నీవల్ల కాదంటున్నారు జనం."

"ఎవడా మాటన్నది? రాసుకో నా పేరు!"

నెల తిరక్కుండానే స్నేహితుడు జకరియా రెండు వందలకోసం ఇంటికొచ్చాడు. గాబెర్ జేబు తడుముకున్నాడు. "ఉన్నాయిరా, కానీ నావి కావు. ముట్టుకున్నానంటే హాజ్జా నా మీసం గొరిగి చేతిలో పెడుతుంది!" తలుపు వెనక ఇన్షిరాహ్ తన చెవులను తాను నమ్మలేకపోయింది.

అసలు భయం నాలుగో నెలలో పట్టుకుంది. ఆ రోజు ఇరవై వేలూ అతని చేతికొస్తాయి. ఇక ఆపేదెవరు? మధ్యాహ్నం దాటింది, అతను వచ్చే వేళా దాటింది. కిటికీ దగ్గర నిలబడి ఆమె ఆశ వదిలేసుకుంది.

అప్పుడు హారన్ మోగింది. బండి నెత్తిన తాళ్లతో కట్టిన కుట్టుమిషన్.

ఆమె మెట్లు పరుగున దిగింది. "ఎవరికీ ఇవ్వలేదా?"

"ఇంకా ఆరు నెలలు కట్టాలి కదే! అప్పటిదాకా ఇది వాళ్ల సొమ్ము. పరాయి సొమ్ము నేనెలా దానం చేస్తాను?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే పాత కోపమూ పొడుచుకొచ్చింది. "మరి నేను దాచుకున్నవో? అవి నావి కావా?"

తాడు విప్పుతున్న గాబెర్ చెయ్యి ఆగింది. "నీవని ఎప్పుడు చెప్పావు? దొంగసొమ్ములా దాచావు. దేనికో తెలిస్తే ముట్టుకునేవాణ్ణా?" మళ్లీ ముడి విప్పుతూ, "నేనూ అడగాల్సింది," అన్నాడు.

ఇన్షిరాహ్‌కు అది నిజమే అనిపించింది. ఇన్నేళ్లూ డబ్బును అతని నుంచి దాచింది. డబ్బుతోపాటు తన కోరికనూ దాచేసింది.

"ఈ ఆరు నెలలూ అయ్యాక?" అంది మెల్లగా.

"మళ్లీ చేరదాం. ఈసారి దేనికో ముందే చెప్పు."

ఆమె పైన తమ కిటికీ వైపు చూసింది. "బాల్కనీ ఉన్న ఇల్లు."

గాబెర్ తలెత్తి లెక్క వేసుకున్నాడు. "దానికి ఆరేడు గమియ్యాలైనా పడతాయి!"

"పట్టనీ," అంది ఇన్షిరాహ్.